ఒక నొక్కుకు రెండు గుండ్లు

1981 ఎండాకాలం. పుదుచ్చేరి ఒర్లియంపేటలో మా ఇంటి ముందుగదే మా షాపు. తుపాకులు బాగుచెయ్యడం మా పని. ఫ్రెంచి వాళ్ళు ఉన్నప్పుడు వాళ్ళ సిపాయిల వర్క్‌షాపులో నాయన ఈ విద్య నేర్చుకున్నారు. నేను బడికి పోలేదు. పలకా బలపమూ, ఆకురాయీ స్క్రూడ్రైవరూ అన్నీ నాయన దగ్గరే పట్టాను. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ నేర్పింది. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నా చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. ఈ నాలుగు మాటలు మీకు రాయగలుగుతున్నానంటే అది అమ్మ పెట్టిన భిక్ష.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా బ్యాంకు వాచ్‌మన్ల డబుల్ బ్యారెల్ తుపాకులు, పల్లెల్లో భూములున్న వాళ్ళ వేట తుపాకులు. సముద్రం పక్కన ఊరు కాబట్టి గాలిలోనే ఉప్పు ఉంటుంది. మేము చేసే పనిలో ముప్పాతిక భాగం తుప్పు వదిలించడమే. అందుకే మా షాపులో ఒక పద్ధతి ఉండేది. ఏ తుపాకి వచ్చినా ముందు విప్పాలి, కిరసనాయిల్లో కడగాలి, తుడవాలి, ఆ తర్వాతే జబ్బు ఏమిటో చూడాలి. నాయన అలాగే చేసేవారు. నేనూ అలాగే చేసేదాన్ని.

అంతకు మూడేళ్ళ ముందు నాయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. లైసెన్సు నా పేరుకు మార్చమని అడిగితే ఆఫీసులో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడమనిషి తుపాకులు బాగుచేస్తుందా అని. నా చేత ఒక తుపాకి విప్పించి, బిగించి చూసి, ఒక పెద్దాఫీసరు సంతకం పెట్టాడు. ఆయన ఎక్కడ ఉన్నా చల్లగా ఉండాలని ఈనాటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను. నాయన మందులకూ, మా ఇద్దరి అన్నానికీ ఆ కాగితమే ఆధారం. ఏడాదికొకసారి దాన్ని రెన్యూ చేసుకోవాలి. ఆ ఏడు రెన్యూవల్ దగ్గర పడుతున్న వేళకే బాహూరు నుంచి వేదాచలం రెడ్డియారు ఒక రైఫిలు పట్టుకుని వచ్చారు.

పాయింట్ టూటూ సెమీ ఆటోమేటిక్ రైఫిలు అది. ఆయన తండ్రి ఫ్రెంచి కాలంలో కొన్నారు. సెమీ ఆటోమేటిక్ అంటే, గుండు పేలగానే ఖాళీ తూటాను అదే బయటికి విసిరేసి, ఇంకొక తూటాను అదే లోపలికి తీసుకుంటుంది. అయితే అది పేలాలంటే మనం ట్రిగ్గర్ వదిలి మళ్ళీ నొక్కాలి. ఒక నొక్కు, ఒక గుండు. మధ్యలో హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టే సుత్తిని, పట్టి ఆపే ఒక చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని సియర్ అంటారు. అది సరిగ్గా పట్టకపోతే సుత్తి ఆగదు, రెండో గుండు దానంతట అదే పోతుంది. మా పనిలో దీన్ని డబ్లింగ్ అంటారు. మనం మొదటి గుండుకే గురి పెడతాము. రెండోది ఎవరికి తగులుతుందో దేవుడికే తెలియాలి.

రెడ్డియారు రైఫిలును బల్లమీద పెట్టి, పైపంచెతో మెడ తుడుచుకున్నారు.

"అక్కా, ఇది ఒగ నొక్కుకు రెండు కొడతాది. నక్కలు వేరుశెనక్కాయ చేలో దిగినాయని బెదిరించేదానికి ఒకటి కాలిస్తే, రెండోది దానంతకదే పోయింది."

"మీరే రెండుసార్లు నొక్కినారేమో?"

"ఏందక్కా? మీసాలు రాకముందు నుంచీ పట్టుకుంటాండా. నొక్కేది తెలీదా నాకు?"

"ఎన్నిసార్లు ఇట్ట జరిగింది?"

"అదే తమాషా. మొదటి నొక్కుకే రెండు పోతాది. ఆ పైన నువ్వు పొద్దుగూకేదాకా కాల్చు, ఒకటొకటే."

"నూనె ఏదన్నా పోసినారా?"

"సత్తెంగా నేను చెయ్యే పెట్టలేదు. మా నాయన పోయినాక ఆయన పటం కింద ఆనించి ఉండాది. నక్కలొస్తేనే తీసేది."

మూత విప్పితే లోపల బెల్లం పాకం ముదిరినట్టు గోధుమరంగు జిగురు. పాత నూనె గట్టిపడి ఉంటుందనుకున్నాను. మా పద్ధతి ప్రకారం శుభ్రంగా కడిగాను. భూతద్దం పెట్టి సియర్ అంచు చూశాను. అరగలేదు. స్ప్రింగు చూశాను, బాగానే ఉంది. మా పెరట్లో ఇసుక నింపిన పీపా ఉంది. కాల్చి చూసుకోవడానికి మాకు అనుమతి ఉండేది. కాల్చాను. ఒక నొక్కు, ఒక గుండు. మళ్ళీ మళ్ళీ కాల్చాను. బుద్ధిమంతుడి మాదిరి ఒకటొకటే. మురికి వల్ల పట్టేసింది, ఇప్పుడు సరిపోయిందని చెప్పి పంపించాను. స్వామికి దండం కూడా పెట్టుకున్నాను, సులభంగా తేలినందుకు.

రెండు నెలలు కాకముందే పోలీసు స్టేషన్ నుంచి కబురు.

ఈసారి రెండో గుండు పశువుల కొట్టం పెంకు పగలగొట్టింది. ఆ పెంకు కింద వాళ్ళ పనిమనిషి పచ్చయమ్మ కూర్చుని పాలు పితుకుతున్నది. పెంకు ముక్కలు ఆమె భుజాల మీద పడ్డాయి. గుండు ఒక్క జానెడు కిందికి వచ్చి ఉంటే... ఆ మాట రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు. పచ్చయమ్మ బతికినందుకు ఆ రోజు నేను అన్నం తినకుండా ఉపవాసం ఉన్నాను.

స్టేషన్లో ఎస్.ఐ. తంగరాజు కొత్తగా వచ్చినవాడు. వయసు తక్కువ, అనుమానం ఎక్కువ. రైఫిలు ఆయన బల్ల మీద ఉంది. రెడ్డియారు ఒక పక్క గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఎస్.ఐ. తమిళంలో అడిగినదాన్ని తెలుగులో రాస్తున్నాను.

"ఎవరమ్మా దీన్ని మెషీన్‌గన్ చేసింది?"

"ఎవరూ చెయ్యలేదు సార్. ఇది జబ్బు."

"నీ షాపుకు పోయి వచ్చినాక రెండు కొట్టింది."

"రెండు కొడతా ఉందనే కదా సార్ నా షాపుకు తెచ్చినారు!"

"అది రెడ్డియార్ చెప్పే మాట. రెడ్డియార్ నీ కస్టమరు. చూడమ్మా, ఒక నొక్కుకు ఒకటికి మించి పోయిందంటే చట్టం దాన్ని ఆటోమేటిక్ అంటుంది. ప్రజల చేతుల్లో అది ఉండకూడదు. నువ్వు ఏ కొక్కేన్నో ఆకురాయితో రాసి ఉంటే అది నేరం. రాయలేదంటే ఎందుకు పేలిందో నాకు చూపించు. ఊరికే చెప్పడం కాదు, నా కళ్ళకు చూపించు. నీ రెన్యూవల్ కాగితం నా దగ్గరికే వస్తుంది. ఏం రాయాలో అప్పుడు రాస్తాను."

ఆ కాగితం మీద ఆయన ఒక్క చెడ్డ మాట రాస్తే మా షాపు మూత పడుతుంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రైఫిలు తీసుకుపోయి పరీక్ష చేసుకోవడానికి ఒప్పుకున్నాడు. అంతవరకు ఆయనకు కృతజ్ఞతే చెప్పాలి.

ఆ తర్వాత నేను పడిన అవస్థ పగవాళ్ళకు వద్దు. రైఫిలు వచ్చీరాగానే విప్పాను, కడిగాను. లోపల మళ్ళీ అదే జిగురు. పోయినసారి సరిగ్గా కడగలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. కొత్త స్ప్రింగు వేశాను. సియర్ మెత్తబడిందేమోనని తట్టాంచావడిలో తెలిసిన లేతు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళి గట్టిదనం చూపించాను. ఆయన దాన్ని తిప్పి చూసి, "అక్కా, ఇది అరిగేలోపల మనిద్దరం అరిగిపోతాము" అన్నాడు. కాల్చాను. ఒకటి. ఒకటి. ఒకటి. ఒక్కసారైనా రెండు పేలితే కదా నేను పట్టుకునేది! జ్వరమని ఇంట్లో అరిచే పిల్లాడు డాక్టరు ఎదుటికి రాగానే గంతులు వేసినట్టు ఉంది దాని వరస.

సలహాలు మాత్రం కొదవలేదు. బ్యాంకు వాచ్‌మన్ వచ్చి తూటాలు నకిలీవి అన్నాడు. ఎదురింటి అత్త దిష్టి అని ఎండుమిరపకాయలు పట్టుకుని వచ్చింది. తుపాకుల మధ్య నిప్పు పెట్టొద్దని ఆమెను బతిమాలి పంపేసరికి నా తలప్రాణం తోకకు వచ్చింది. నాయన కుర్చీలో కూర్చుని, మాట సరిగ్గా తిరగకపోయినా, చెప్పిందే చెప్పేవారు.

"వాడు... ఎట్ట పట్టుకుంటాడో... చూడు."

భుజానికి గట్టిగా ఆనించకపోతే రైఫిలు వెనక్కి తన్ని, వేలికి తనే మళ్ళీ తగిలి రెండోది పేలవచ్చు. అది నిజమే. రెడ్డియారును పిలిపించి, నా ఎదుట కాల్చమన్నాను. ఆయన పట్టు రాయిలా ఉంది. ఆయన కోపమూ అలాగే ఉంది.

"నక్కలకని ఇచ్చిన తూటాలన్నీ నీ ఇసక పీపా మింగేస్తాంది కదక్కా! నక్కలేమో ఆడ కాలు మీద కాలేసుకుని శెనక్కాయలు వొలుచుకుంటాండాయి."

"నేనేం చేసేది? మీ ఇంట్లో రెండు కొడతాది, మా ఇంట్లో ఒకటి కొడతాది!"

"అట్టయితే మా ఇంట్లో దెయ్యముందంటావా?"

"దెయ్యమో ఏమో, మీ ఇంట్లోదే ఏదో ఉంది."

కోపంలో అన్న మాటే అయినా, అన్న తర్వాత అది నా చెవిలోనే ఉండిపోయింది. వంట చేస్తుంటే అదే మాట, నాయనకు అన్నం తినిపిస్తుంటే అదే మాట. మరుసటి రోజు పొద్దున దీపం ముందు కూర్చుని స్వామిని ఒక్కటే అడిగాను. నాకు తెలివి ఇవ్వకపోయినా ఫర్వాలేదు, కళ్ళు ఎటు తిప్పాలో చెప్పు అని. లేచి నేరుగా స్టేషన్‌కు పోయాను. రైఫిలు కొన్ని వారాలు రెడ్డియారు ఇంట్లోనే ఉండనివ్వండి, నేను అక్కడికే పోయి చూస్తాను అని అడిగాను. ఎస్.ఐ. తంగరాజు కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "రైఫిలు ఇంట్లో, తూటాలు నా బీరువాలో" అన్నాడు.

రెడ్డియారుకు గట్టిగా చెప్పాను. "మీరు రోజూ ఎట్ట ఉంచుతారో అట్టనే ఉంచండి. తుడవొద్దు, విప్పొద్దు. నేను వచ్చేది ముందే ఎవరికీ చెప్పొద్దు."

కొన్ని వారాలు గడిచాక ఒక శనివారం నాయనను ఎదురింటి అత్తకు అప్పజెప్పి బాహూరు బస్సెక్కాను. రెడ్డియారు సంత నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. తాళం తీసి పటం ఉన్న గదిలోకి తీసుకెళ్ళారు. తండ్రిగారి పటం ఉంది, పటానికి పూలదండ ఉంది, పటం కింద రైఫిలు మాత్రం లేదు.

ఆయన మొలతాడు తడుముకున్నారు. "అక్కా... తాళం నా మొలతాడుకే ఉండాది. తలుపు..."

పెరటి వైపు నుంచి సాంబ్రాణి పొగ వస్తున్నది. ఇద్దరం అటు నడిచాము.

పెరటి పంచలో రెడ్డియారు తల్లి రుక్మిణమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఊరంతా ఆమెను అవ్వ అంటారు. కాళ్ళ మీద పాత తుండుగుడ్డ. తుండుగుడ్డ మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రైఫిలు. పక్కన ఇత్తడి గిన్నెలో గోరువెచ్చటి నువ్వుల నూనె. ఖాళీ తూటా బయటికి వచ్చే సందు ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ, బిడ్డ మాడు మీద పెట్టినట్టు అరచేత్తో నూనె వంచి, వేళ్ళతో లోపలికి అద్దుతున్నది.

"అవ్వా! ఏం చేస్తాండావు?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"కండ్లు కనపళ్ళా? తలంటతాండా."

"తుపాకికా!"

"శనివారం కదా. మగోళ్ళకు శనివారమేగా తలంటేది."

"నీళ్ళు గూడా పోస్తావా అవ్వా?"

అవ్వ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "నీళ్ళు పోస్తే తుప్పు పట్టదా? ఆ మాత్రం నాకు తెలీదా? సీకాయ గూడా వెయ్యను. నూనె, ఆపైన సాంబ్రాణి. అంతే."

కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి ఉంది. తలంటు పోసిన బిడ్డ జుట్టు ఆరబెట్టడానికి వాడే బుట్ట. దాని మీద రైఫిలును నోరు తెరిచి పెడుతుందట, పొగ బాగా లోపలికి పోవాలని. నూనె మీద సాంబ్రాణి బంక, దాని మీద మళ్ళీ నూనె, మళ్ళీ బంక. శనివారం వెంబడి శనివారం. నా బల్ల మీద కనిపించిన బెల్లం పాకం అదే. చల్లటి చీకటి గదిలో కదలకుండా ఉన్నన్ని రోజులూ అది సియర్‌ను పట్టేసి ఉంచుతుంది. మొదటి నొక్కుకు కొక్కెం సమయానికి లేవదు, రెండు గుండ్లు పోతాయి. ఆ అదురుకు జిగురు విడిపోయి, తర్వాత అంతా సవ్యంగా ఉంటుంది. మా షాపుకు వస్తే, కాల్చడానికి ముందే నేను కడిగేస్తాను.

రెడ్డియారు నెత్తి కొట్టుకున్నారు. "అమ్మా! ఎప్పటి నుంచే ఇది?"

"మీ నాయన ఏడాది తిథి అయినప్పట్నుంచి. నువ్వు శనివారం తెల్లారేసరికి సంతకు పోతావు. నీకేం తెలుసు ఇంట్లో సంగతి?"

"తాళం?"

"తాళం నీ మొలతాడుకు కట్టకముందు నా కొంగుకే గదరా ఉండేది. ఇంకొకటి నాకాడ ఉండాది."

"దీనివల్ల పచ్చయమ్మ పానం పోయేదమ్మా!"

అవ్వ చెయ్యి ఆగింది. గిన్నె పక్కకు జరిపింది. వెంటనే నా మీదికి తిరిగింది.

"ఇదిగో ఈ పిల్ల. ఈ పిల్ల కిరసనాయిలు పోస్తాది. కంపుకి దానికి కోపమొచ్చి రెండు సార్లు అరస్తాది. నా నూనెకా అరిచేది? ఆయన పెండ్లినాటి నుంచి నా చేతి నూనెకు ఒక్కనాడు అరవలేదు."

నాకు అరవాలనిపించింది. నెలల తరబడి నిద్ర లేదు, లైసెన్సు పోతుందని భయం, స్ప్రింగులు మార్చి మార్చి వేళ్ళు పుండ్లు పడ్డాయి, కారణం చూస్తే ఈవిడ ఒళ్ళో! అరవడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు అవ్వ కొడుకు వైపు చూస్తూ, నెమ్మదిగా అన్నది.

"ఏ శనివారమూ తప్పించలేదురా ఆయనకు. ఇప్పుడు ఎవురి తల అంటేది? నువ్వు చూస్తే షాంపూ అంటావు."

తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ రోజుకు ఆ మాత్రం సహనం నాది కాదు, స్వామి ఇచ్చినది.

కారణం దొరికింది. కానీ ఎస్.ఐ. కళ్ళకు చూపించాలి కదా. అందుకే ఈసారి కడగలేదు. అవ్వ తలంటిన రైఫిలును తలంటినట్టే పాత దుప్పట్లో చుట్టి, అదే పటం కింద మరి కొన్నాళ్ళు ఉంచమన్నాను. రెండో తాళంచెవి నేను తీసుకున్నాను. తర్వాత ఎస్.ఐ. జీపులో ముగ్గురం కాలాపేట దాటి, సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బల దగ్గర పోలీసులు కాల్పులు ప్రాక్టీసు చేసే చోటికి పోయాము.

విషయం చెప్పగానే ఎస్.ఐ. నవ్వాడు. "నూనె స్నానమా? నా సర్వీసులో ఇట్లాంటి అబద్ధం వినలేదు. దొంగలు కూడా దీనికంటే బాగా అల్లుతారు."

మ్యాగజైన్‌లో రెండే తూటాలు పెట్టి, దిబ్బ వైపు గురి చూసి, ఆయనే నొక్కాడు.

ఒకటి.

వదిలి మళ్ళీ నొక్కాడు. ఇంకొకటి. నిక్షేపంగా ఉంది.

"ఏమ్మా? అవ్వ ఈ వారం నూనె తక్కువ పోసిందా?"

రెడ్డియారు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేను రైఫిలు మీద చెయ్యి వేశాను. ఇనుము కాలుతున్నది. మిట్టమధ్యాహ్నం, జీపు వెనక ఎండలో పడి వచ్చింది. లోపల జిగురు కరిగి నూనెలా జారిపోయి ఉంటుంది.

"సార్, వేడికి కరిగిపోయింది. చల్లారనివ్వండి. గడ్డకట్టినాక చూడండి."

"ఇంకేం చెయ్యాలి? విసరమంటావా?"

"గోనెసంచి తడిపి చుట్టాలి సార్."

తుపాకికి తడి గోనె చుట్టడమంటే మా వృత్తిలో పాపం. నా చేతులతో నేనే చుట్టాను. సరుగుడు చెట్ల నీడలో పెట్టి కూర్చున్నాము. ఎస్.ఐ. గడియారం చూసుకుంటాడు, బూటు కాలు నేల మీద కొడతాడు, మళ్ళీ గడియారం చూసుకుంటాడు. రెడ్డియారు, "అక్కా, పేలకపోతే?" అంటారు. "నోరు మూసుకుని కూచోండి" అన్నాను పెద్దమనిషిని. నేను లోపల స్వామి నామం చెప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఈ రైఫిలు రెండు పేలకూడదని మొక్కుకున్నదాన్ని, పేలాలని మొక్కుకోవలసి వచ్చింది. స్వామికి కూడా విసుగు వచ్చి ఉంటుంది.

ఇనుము చల్లబడ్డాక గోనె విప్పి తుడిచి ఇచ్చాను. ఎస్.ఐ. మళ్ళీ రెండు తూటాలు పెట్టి, దిబ్బ వైపు గురి చూసి నొక్కాడు.

టప్. టప్.

ఆయన వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది. దాన్ని ఆయనే వంగి చూసుకున్నాడు. రెడ్డియారు పైపంచె గాలిలో ఎగరేశారు. తుపాకి తప్పుగా పేలినందుకు సంతోషించిన మెకానిక్కు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అక్కడే దుప్పటి పరిచి, ఆయన ఎదుట మూత విప్పాను. సియర్ చుట్టూ గోధుమరంగు జిగురు, సాంబ్రాణి వాసన. ఎస్.ఐ. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సీసాలో తెచ్చిన కిరసనాయిలుతో కడిగి, తుడిచి, బిగించి ఇచ్చాను. మళ్ళీ గోనెలో చల్లబెట్టి కూడా కాల్చి చూశాడు. ఒక నొక్కు, ఒక గుండు. చివరికి రైఫిలు దించాడు.

"మా నాయనమ్మ కూడా మా తాత సైకిలుకు విభూతి పూసేది" అన్నాడు. అప్పటిదాకా వినని గొంతు అది. తర్వాత మళ్ళీ ఎస్.ఐ. అయిపోయాడు. "మురికి వల్ల జరిగిందని రాస్తాను. తలంటు అని రాస్తే నన్ను పిచ్చాసుపత్రికి ట్రాన్స్‌ఫర్ చేస్తారు. నీ రెన్యూవల్‌కు అడ్డం లేదమ్మా. అవ్వ చేతికి మాత్రం ఇది మళ్ళీ పోకూడదు. అది నీ పూచీ."

లైసెన్సు కాగితం చేతికి వచ్చాక, ఒక శుక్రవారం నేనే రైఫిలును బాహూరుకు తీసుకెళ్ళాను. రెడ్డియారు దాన్ని కొత్త ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశారు. అవ్వ ఒక మూల ముఖం తిప్పుకుని కూర్చుంది.

"అవ్వా, దాని కట్టె భాగానికి నూనె మంచిదే. నేను వచ్చినప్పుడల్లా పెట్టె తీయిస్తా. గుడ్డతో ఒక్క చుక్క రాద్దువుగానీ."

"ఒక్క చుక్కా? అది బొట్టు పెట్టేది. తలంటు గాదు."

"అవ్వా..."

"ఏం వారమిది?"

"శుక్రవారం."

అప్పుడు తిరిగి చూసింది. నా ముఖం కాదు, నా జుట్టు. "ఆడోళ్ళకు శుక్రవారమే. నీ తల ఎప్పుడన్నా అద్దంలో చూసుకున్నావా? టెంకాయ పీచు మాదిరి ఉండాది. కూచో ఈడ."

వద్దంటే వినదు. బస్సుకు వేళయిందంటే వినదు. నాయన ఎదురుచూస్తారంటే, "చూడనీ" అన్నది. పీట మీద కూర్చోబెట్టి గోరువెచ్చటి నూనె మాడు మీద పోసి, ఆ ముసలి వేళ్ళతో అద్దుతుంటే, నెలలుగా బిగబట్టుకున్నదంతా మెడ నుంచి కిందికి జారిపోయింది. అమ్మ పోయాక నా తల మీద ఎవరి చెయ్యీ పడలేదు. కళ్ళలో నీళ్ళు వస్తే సాంబ్రాణి పొగ అన్నాను. "పొగ ఇంకా పెట్టనేలేదు" అన్నది అవ్వ. ఆ తర్వాత ఆమె కాలం చేసేదాకా, వీలైన శుక్రవారమల్లా ఆ పీట మీద కూర్చున్నాను.

ఆ రైఫిలు వల్ల నేను నేర్చుకున్నది ఇది. మురికిని అడ్డమనుకుని ప్రతిసారీ ముందు తుడిచేశాను. నేను తుడిచేసింది జవాబును. ఒక వస్తువు మన దగ్గరికి వచ్చేటప్పుడు అది ఉన్న ఇల్లు, దాన్ని పట్టుకున్న చేతులు కూడా దానికి అంటుకుని వస్తాయి. వాటిని చూడకముందే కడిగేస్తే మిగిలేది ఇనుమే. ఇనుములో ఏ లోపమూ లేదు.

ఇప్పుడు ఏ తుపాకి వచ్చినా కిరసనాయిలు డబ్బా మూత వెంటనే తియ్యను. దాన్ని బల్ల మీద పెట్టుకుని, చేతులు ఒళ్ళో ఉంచుకుని, వచ్చింది వచ్చినట్టే కాసేపు చూస్తూ కూర్చుంటాను. ప్రార్థన చేస్తున్నానని కస్టమర్లు అనుకుంటారు. అందులో పెద్ద పొరపాటు లేదు.